గాలి పోగు

నా పేరు ఇల్మా.
మా ఫిన్నిష్‌లో గాలి అని అర్థం.
తాంపెరేలో, ఉరవడి పక్కన, ఎర్ర ఇటుకల మిల్లులో
ముప్పై రెండేళ్లు అల్లిక యంత్రాలు నడిపాను.
మిల్లు మూతపడ్డాక అక్కడ సినిమాహాలు వచ్చింది.
నేను యంత్రంతో పాటు
విశ్వవిద్యాలయం వాళ్లకు అమ్ముడుపోయాను.

మొదటిరోజు ఒస్మో
ఒక కండె నా అరచేతిలో పెట్టాడు.
కళ్లు చూశాయి గనక నమ్మాయి.
చెయ్యి ఒప్పుకోలేదు.

"వందలో తొంభై పాళ్లు గాలే."
"మిగతా పది?"
"బిర్చి చెట్టు గుజ్జు."
గాలిలో మేడలు కట్టేవాళ్లను ఎరుగుదును,
అలాంటి ఒకణ్ణి పెళ్లి కూడా చేసుకున్నాను.
గాలితోనే గోడ కట్టేవాళ్లను చూడడం ఇదే మొదలు.

ముందు అదొక జున్నుతీగ. నీళ్లతో నిండుచూలాలు.
ఆ నీళ్లు పోవాలి.
ఎండబెడితే పోతాయి, కానీ పోతూ పోతూ
లోపలి గదుల గోడలన్నీ కూల్చిపోతాయి,
అలిగి వెళ్లేవాడు తలుపు విసిరినట్టు.
చేతికి మిగిలేది ఎండు పీచు.
అందుకని గడ్డకట్టిస్తారు.
గాలి తోడేసిన పెట్టెలో
ఆ మంచు, నీరు కాకుండానే, ఆవిరై జారుకుంటుంది:
నిద్రపోయిన పసిదాని తల కింది నుంచి
తల్లి చెయ్యి తీసుకున్నట్టు.
ఏ గోడకూ తెలియదు.
ఖాళీలు ఖాళీలుగానే నిలబడతాయి.

పన్నెండు వారాలు పోగు తెగింది.
సూది తాకితే తెగింది. నేను తుమ్మితే తెగింది.
ఒస్మో అంకెలు రాసేవాడు, నేను పొడి ఊడ్చేదాన్ని.
పదమూడో వారం అన్నాను:
"దీనికి ఎముకలున్నాయి, చర్మం లేదు.
రెయిన్‌డీర్ వెంట్రుక ఒకటి నీ సూక్ష్మదర్శిని కింద పెట్టు.
లోపలంతా గుల్ల, పైన గట్టి పొర.
దానికి డాక్టరేట్ లేదనుకో."
ఒస్మో నవ్వలేదు.
ఆ రాత్రి ఇంటికీ వెళ్లలేదు.

సన్నటి పొర తొడిగిన పోగు
మొదటి వరస దాటింది.
రెండో వరస.
నలభయ్యో వరస దగ్గర ఊపిరి పీల్చుకున్నాను.
ఉన్న పోగు ఒక్క చేతికే సరిపోయింది.
తక్కినదంతా మామూలు ఊలు.
ఎడమ చెయ్యి గాలి, కుడి చెయ్యి గొర్రె.

ఉత్తరాన, మైనస్ ముప్పై ఒకటిలో,
మందను కాసే నీల్లాస్ దాన్ని తొడుక్కున్నాడు.
రెండు గంటలు ఏమీ అనలేదు.
తర్వాత, "ఎడమ చెయ్యి ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టుంది."
పదే పదే తడుముకున్నాడు, స్వెటర్ ఉందా అని.
చలిని బరువుతో తూచుతూ పెరిగిన భుజం,
మోయకుండా వచ్చిన వెచ్చదనాన్ని
దొంగసొత్తులా చూసింది.

వేడిని పట్టే కెమెరాలో
కుడి చెయ్యి నారింజరంగులో మండింది.
ఎడమ చెయ్యి చుట్టూ ఉన్న మంచులో కలిసిపోయింది.
తెర మీద నీల్లాస్ ఒంటిచేతి మనిషి.
ఒస్మో కేక పెట్టి ఎగిరాడు.
ఆ నలుపే మా గెలుపు:
అతని వేడి అతని దగ్గరే ఉంది,
చిటికెడైనా బయటికి రాలేదు.

రాత్రి గుడిసెలో పొయ్యి ఆరాక
అతని నల్ల కుక్క లేచి వచ్చింది.
ఎడమ పక్కన వాసన చూసింది.
మూతి ఆనించి, కాసేపు ఆగింది.
ఎవరూ పలకని గుమ్మం దగ్గర ఆగినట్టు.
అప్పుడు కాళ్ల మీదుగా చుట్టూ తిరిగి
కుడి చేతి ఊలు మీద తల వాల్చి పడుకుంది.

నివేదికలో అది కూడా రాశాను.
ప్రొఫెసర్ హౌటలా ఎర్రగీత కొట్టి పంపింది:
"ఇది కొలత కాదు."
మళ్లీ రాశాను, ఈసారి టైముతో సహా:
రెండూ పదిహేడు.

ఇప్పుడు రెండో చెయ్యి యంత్రం మీద ఉంది.
గాలి పోగు మోచేతి దాకా వచ్చింది.
ఒస్మో ఇంటికి వెళ్లాడు.
యంత్రం ఆపి, టేపు తీసి,
ఊలుకు విడిచిపెట్టాల్సిన చోటు కొలుస్తున్నాను,
ఒక కుక్క తలంత.